లిజనింగ్‌లో రెండోసారి కూడా 6.5. ఎక్కడ పోతోందో తెలియట్లేదు

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

నేను స్టాఫ్ నర్సుని. మా ఊరు మండపేట దగ్గర. ఆరేళ్ళుగా విజయవాడలో ఒక ఆసుపత్రి ఐసీయూలో చేస్తున్నాను. యూకే వెళ్ళాలని ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ అనే ఇంగ్లిషు పరీక్ష కంప్యూటర్ మీద రాస్తున్నా. అక్కడి నర్సింగ్ కౌన్సిల్ ఎన్‌ఎంసీ రీడింగ్, లిజనింగ్, స్పీకింగ్‌లో 7 చొప్పున, రైటింగ్‌లో 6.5 అడుగుతుంది. మొన్న వచ్చిన రిజల్టులో రీడింగ్ 7, స్పీకింగ్ 7, రైటింగ్ 6.5. లిజనింగ్ మాత్రం 6.5. అంతకుముందు రాసినప్పుడూ లిజనింగ్ ఇంతే. రైటింగ్‌కి భయపడి ఆరు నెలలు దాని మీదే కూర్చున్నాను. అది గట్టెక్కింది, ఇది ముంచింది.

విచిత్రం ఏంటంటే, ఇంటి దగ్గర మాక్ టెస్టు అయ్యాక పుస్తకం వెనక ఉన్న ఆడియో స్క్రిప్టు తీసి చదివితే నాకు తెలియని మాట ఒకటో రెండో ఉంటుంది, అంతే. "ఓస్, ఇదా వీళ్ళు అన్నది!" అనిపిస్తుంది. ఆ మాటే చెవిలో పడినప్పుడు మాత్రం ఏమీ అర్థం కాదు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంగ్లిషు అంతా కంటితో నేర్చుకున్నదే.

కోచింగ్‌కి కూడా వెళ్ళాను, రెండు నెలలు. నలభై మందికి గోడ మీద ఒక్క స్పీకరు, పైన గరగరలాడే ఫ్యాను. సార్ ఆడియో పెట్టేవారు, అయ్యాక ఆన్సర్లు చదివేవారు. "ఎంత? ఇరవై ఎనిమిదా? రేపు ముప్పై రావాలి" అనేవారు. ఎలా వస్తాయో చెప్పిన రోజు లేదు. ఇంటి దగ్గర నేనే ఇప్పటికి 34 మాక్ టెస్టులు రాశాను. నోట్‌బుక్‌లో అన్ని మార్కులూ వరసగా రాసి పెట్టుకున్నా. 26కీ 30కీ మధ్యే తిరుగుతున్నాయి. మొదటి టెస్టులో 27, ముప్పై నాలుగో టెస్టులో 28.

పార్ట్ 1లో ఫోను నంబర్లో, ఇంటిపేరు స్పెల్లింగులో ఒకటి పోతుంది. పార్ట్ 2లో మ్యాప్ వస్తే రెండు మూడు పోతాయి. పార్ట్ 3లో ఇద్దరు స్టూడెంట్లు గబగబా మాట్లాడుకుంటుంటే ఎవరేం అన్నారో కలిసిపోతుంది. పార్ట్ 4లో ఒకటి మిస్సయితే దాని గురించే ఆలోచిస్తూ తర్వాతి మూడూ పోగొట్టుకుంటాను.

నెలకు పది నైట్లు పడతాయి. చదువుకోడానికి రోజుకి గంట దొరికితే గొప్ప. మూడోసారి ఫీజు అని ఇంట్లో అడగడానికి మొహం చెల్లట్లేదు. ఎవరైనా ఇదే 6.5 దగ్గర ఆగిపోయి బయటపడి ఉంటే, ఏం చేశారో చెప్పండి. "ప్రాక్టీస్ చెయ్యండి" అని మాత్రం అనకండి, దండం పెడతాను.


కూకట్‌పల్లి కుర్రోడు:

అక్కా, నాకు ఫస్ట్ అటెంప్టులోనే 8 వచ్చింది. స్పెషల్‌గా ఏం చెయ్యలేదు. ఇంగ్లిష్ సిరీస్‌లు సబ్‌టైటిల్స్ పెట్టుకుని బాగా చూసేవాణ్ణి. పరీక్షకి ముందు వారం రోజులు రోజుకి రెండు మాక్స్. టెన్షన్ పడకుండా రాస్తే అదే వస్తుంది. ఆల్ ద బెస్ట్.


గోదారిగట్టు:

థాంక్యూ తమ్ముడూ. టెన్షన్ పడకుండా ఉండటానికి ఏ సిరీస్ చూడాలో కూడా చెప్తే బాగుండేది 🙂


లీడ్స్ సిస్టర్:

చెల్లీ, నీ పోస్టు చదువుతుంటే నాలుగేళ్ళ కిందటి నేనే కనిపించాను. నాకూ లిజనింగ్ 6.5. తర్వాత 7.5 తెచ్చుకుని ఇప్పుడు లీడ్స్‌లో మెడికల్ వార్డులో చేస్తున్నాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

ముందు ఆ మాక్ టెస్టులు ఆపెయ్. నర్సువి కదా, నీకు చెప్పాలా? థర్మామీటర్ పెట్టినంత మాత్రాన జ్వరం తగ్గదు. నువ్వు 34 సార్లు థర్మామీటర్ పెట్టావు. ప్రతిసారీ అదే జ్వరం చూపించింది. మందు వెయ్యలేదు కాబట్టి.

నీ జబ్బు ఏమిటో నువ్వే రాశావు. స్క్రిప్టు చదివితే అన్నీ తెలిసిన మాటలే. అంటే కంటికి తెలుసు, చెవికి తెలియదు. చిన్నప్పుడు బళ్ళో మనచేత సంధులు కట్టించేవాళ్ళు గుర్తుందా? ఏమి ప్లస్ అంటావు, ఏమంటావు. వచ్చాడు ప్లస్ అంటే, వచ్చాడంటే. ఇక్కడి ఇంగ్లిషు మనిషి ఎవరైనా పుస్తకం పట్టుకుని తెలుగు నేర్చుకున్నాడనుకో. "ఏమి" తెలుసు, "అంటావు" తెలుసు. నువ్వు "ఏమంటావ్?" అంటే బిక్కమొహం వేస్తాడు. అచ్చంగా మన పరిస్థితి అదే. ఇంగ్లిషులోనూ సంధులున్నాయి. కాకపోతే మనం కలిపి పలికి కలిపే రాస్తాం. వాళ్ళు కలిపి పలికి విడదీసి రాస్తారు. అందుకని పుస్తకంలో ఎంత చదివినా ఆ సంధి కంటికి కనపడదు.

"షుడ్ హావ్ బీన్" అని నువ్వు మూడు మాటల కోసం ఎదురుచూస్తుంటావు. వాళ్ళు "షుడబిన్" అని ఒక్క ముక్కలో అనేస్తారు. "నెక్స్ట్ డే"లో ట పోయి "నెక్స్‌డే" అవుతుంది. "పార్క్", "కోర్స్", "వార్డ్" అని మనం ర గట్టిగా పలుకుతాం. దక్షిణ ఇంగ్లండు మనిషి "పాక్", "కోస్", "వోడ్" అంటాడు. ఆస్ట్రేలియా వాళ్ళ "టుడే" మన చెవికి "టుడై"లాగా ఉంటుంది. "కెన్" అన్నది మామూలు వాక్యంలో "కన్" అని మింగేసినట్టు వినపడుతుంది. "కాంట్"లో మాత్రం దీర్ఘం సాగుతుంది. చివరి ట వినపడిందా లేదా అని చూస్తూ కూర్చుంటే మోసపోతాం. ఆ దీర్ఘాన్ని పట్టుకోవాలి.

నేను ఏం చేశానో చెప్తాను. రోజుకి ఒక్క నిమిషం ఆడియో. అవును, ఒక్క నిమిషమే. పాత పరీక్ష పేపర్లలో పార్ట్ 3 నుంచో, పార్ట్ 4 నుంచో తీసుకునేదాన్ని. మొదట ఆపకుండా ఒకసారి వింటాను. తర్వాత ఒక్కో వాక్యం దగ్గర ఆపి, విన్నది విన్నట్టు కాగితం మీద రాస్తాను. అర్థం కాకపోతే ఐదు సార్ల దాకా మళ్ళీ వింటాను. ఐదోసారికీ అందకపోతే అక్కడ గీత గీసి ముందుకు వెళ్ళిపోతాను. మొత్తం అయ్యాకే స్క్రిప్టు తియ్యాలి. అప్పుడు ఎర్ర పెన్నుతో తప్పు పోయిన ప్రతి మాట మీద ఒక అక్షరం వెయ్యి. మాటే తెలియకపోతే "తె". తెలిసిన మాటే పక్కదానితో కలిసిపోయి అందకపోతే "క". మనసు ఎటో పోయి అందకపోతే "ప", అంటే పరధ్యానం. ఒక వారం అయ్యాక ఆ మూడూ లెక్కపెట్టు. నీకు ఏ మందు కావాలో ఆ లెక్కే చెప్తుంది. నాకు ఎక్కువ "క"లు వచ్చాయి. నేను మాత్రం అప్పటిదాకా వెర్రిదానిలా వొకాబులరీ లిస్టులు బట్టీ పట్టాను.

ఆ తర్వాత అదే నిమిషం, వాళ్ళు ఎలా కలిపారో అలాగే కలిపి పైకి చదవాలి. వాళ్ళ వెనకాలే, వాళ్ళ వేగంతో. నోటికి వచ్చిన సంధి చెవికి తప్పకుండా దొరుకుతుంది. మా ఆయన మొదటి రోజు "ఎవరితో ఫోను?" అని వచ్చి చూశాడు. మొత్తం ఇరవై ఐదు నిమిషాల పని. మాక్ టెస్టు వారానికి ఒకటి చాలు. అది కూడా నైట్ డ్యూటీ దిగిన పొద్దున కాదు, నిద్ర పోయి లేచాక.

నీకు ఇంకో ధైర్యం చెప్పాలి. ఐసీయూలో అలారం మోగితే తల తిప్పకుండానే వెంటిలేటరుదా, ఇన్ఫ్యూజన్ పంపుదా అని చెప్పేస్తావు కదా? జాయిన్ అయిన మొదటి రోజు చెప్పగలిగావా? అన్నీ ఒకటే కీచుకీచు. చెవి నేర్చుకుంటుంది. కాకపోతే ఏ చప్పుడు దేనిదో ప్రతిసారీ వెళ్ళి చూసుకున్నాం కాబట్టి నేర్చుకుంది. ఊరికే వింటూ కూర్చుంటే రాలేదు. సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూస్తే కళ్ళు చదువుకుంటూ పోతాయి, చెవులు పడుకుంటాయి. పైన తమ్ముడికి 8 వచ్చిందంటే బహుశా చిన్నప్పటి నుంచీ ఇంగ్లిషు చెవిలో పడి ఉంటుంది. మనకు పడలేదు, అంతే తేడా.

7.5 తెచ్చుకున్నా కదా అని నేనేం ఎగిరిపోలేదు. ఇక్కడికి వచ్చిన మొదటి వారం డ్యూటీ మారేటప్పటి హ్యాండోవర్‌లో ఒకామె ఒక పేషెంటు గురించి "పూర్లీ" అంది. ఆవిడ పేదరాలేమో పాపం అనుకున్నాను. ఒంట్లో బాగాలేదు అని దానర్థం.

ఇంకొకటి. ఎన్‌ఎంసీ రెండు పరీక్షల స్కోర్లు కలిపి తీసుకుంటుంది, రెండూ 12 నెలల లోపు రాసినవైతే. కనీస స్కోర్ల షరతులున్నాయి, వాళ్ళ సైటులో నువ్వే చదివి చూసుకో. నీ స్కోర్లు చూస్తే నాకు ఆశ కనపడుతోంది. వచ్చేసారి లిజనింగ్ 7 వస్తే రైటింగ్ కొంచెం అటూ ఇటూ అయినా పని జరగొచ్చు.


హనుమకొండ మాస్టారు:

అమ్మా, నేను ముప్పై ఏళ్ళు ప్రభుత్వ బడిలో ఇంగ్లిషు చెప్పి రిటైరయ్యాను. మా అమ్మాయికి ఈ పరీక్ష చదివించాను. లీడ్స్ అమ్మాయి సంధుల మాట చక్కగా చెప్పింది, నేను తరగతిలో ఎందుకు అలా చెప్పలేదా అని సిగ్గుపడ్డాను. చెవి సంగతి ఆమె చూసుకుంది కాబట్టి నేను చేతి సంగతి చెబుతాను.

మొత్తం 40 ప్రశ్నలు, ఒక్కోటి ఒక్క మార్కు. సుమారు 30 వస్తే 7. మీకు 28 వస్తున్నాయి. అంటే మీకు కావాల్సింది రెండు మార్కులు. విని కూడా పోగొట్టుకుంటున్నవి రెండైనా ఉంటాయని నా అనుమానం. మీ పాత 34 పేపర్లూ పారెయ్యకుండా ఉంటే వాటిని ముందేసుకుని స్పెల్లింగు వల్ల పోయినవి, మాటల లెక్క దాటినందుకు పోయినవి, చివర ఎస్ వదిలేసినందుకు పోయినవి ఏరండి. ఈ పరీక్షలో స్పెల్లింగు తప్పితే సున్నాయే. అకామడేషన్‌లో రెండు సీలు, రెండు ఎమ్‌లు. వెడ్నెస్‌డే, ఫిబ్రవరి, లైబ్రరీ, గవర్నమెంట్, ఇవన్నీ మనకు తెలుసనుకుంటాం. తొందరలో రాయమంటే చెయ్యి వణుకుతుంది. అమెరికా స్పెల్లింగు రాసినా, బ్రిటిషు స్పెల్లింగు రాసినా ఒప్పుకుంటారు, దాని గురించి భయం వద్దు.

రెండు మాటలకు మించకూడదు అని పైన ఉంటే, ముందు "ద" తగిలించి మూడు మాటలు చేస్తే మార్కు పోయినట్టే. ఎస్ సంగతి మరీ ముఖ్యం. మన తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. కారు, బస్సు, పెన్ను, ఇంగ్లిషు మాట తెచ్చుకున్నా చివర ఒక ఉ తగిలిస్తే గాని మనకు తృప్తి ఉండదు. ఆ అలవాటున్న చెవికి చివర ఒంటరిగా పలికే ఎస్, ట, డ అందవు. అందుకని ఖాళీ ముందున్న మాట చూడండి. "మెనీ" అనో, "సెవెరల్" అనో ఉంటే వినపడినా వినపడకపోయినా ఎస్ ఉండాల్సిందే. ఆ ఖాళీలో పేరు వస్తుందా, అంకె వస్తుందా, క్రియ వస్తుందా అని ఆడియో మొదలవక ముందే పక్కన ఊహించి పెట్టుకోవాలి.

అంకెల్లో థర్టీన్, థర్టీ దగ్గర చివరి న్ కోసం ఎదురుచూడకండి. ఊనిక ఎక్కడుందో వినండి. థర్టీన్‌లో రెండో ముక్క బరువుగా, సాగదీసి ఉంటుంది. థర్టీలో మొదటి ముక్క బరువు. ఫోను నంబర్లో సున్నాని "ఓ" అంటారు, ఒకే అంకె రెండుసార్లు వస్తే "డబుల్" అంటారు, ఇది మనకూ అలవాటే. మనల్ని పడగొట్టేది ఇంకొకటుంది. ఒక జవాబు చెప్పి, "కాదు కాదు, సారీ" అని మార్చేస్తారు. మంగళవారం అని రాసి చేతులు దులుపుకుంటే గురువారం వెళ్ళిపోతుంది. వాళ్ళు ఆ విషయం వదిలి వేరే విషయంలోకి వెళ్ళేదాకా పెన్ను దించొద్దు.


యూకేరెడీ:

సిస్టర్, ఇంత కష్టం ఎందుకండీ, ఓఈటీకి మారిపోండి. అది మనలాంటి హెల్త్‌కేర్ వాళ్ళకే పెట్టిన పరీక్ష. లిజనింగ్‌లో మూడు పార్టులు, 42 ప్రశ్నలు. మొదటి పార్టులో పేషెంటుతో మాట్లాడేది వింటూ నోట్సులో 24 ఖాళీలు నింపాలి. మనం రోజూ చేసే పనే. ఎన్‌ఎంసీకి లిజనింగ్‌లో బి గ్రేడు, అంటే 350 కావాలి. మ్యూజియం మ్యాపులూ, పక్షుల మీద లెక్చర్లూ ఉండవు.


లీడ్స్ సిస్టర్:

ఓఈటీ మంచిదే, నేను కాదనను. నాతో పనిచేసే చాలామంది అదే రాసి వచ్చారు. కానీ అక్కడ కూడా ఆడియో ఒక్కసారే వినిపిస్తారు, మాట్లాడేదీ ఎక్కువగా ఈ దేశపు, ఆస్ట్రేలియా దేశపు యాసల్లోనే. చెవి ఇదే కదా. రైటింగ్‌లో ఉత్తరం రాయడం మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి. మూడు స్కోర్లు చేతిలో పెట్టుకుని ఒక్కదాని కోసం పడవ మారడం నాకు నచ్చదు. ఆపైన ఆమె ఇష్టం.


గోదారిగట్టు:

మూడు వారాల తర్వాత వస్తున్నాను, క్షమించండి. నైట్లు, ఆ పైన మా చిన్నత్త కూతురి పెళ్ళి.

అక్కా, ఎర్ర పెన్ను లెక్క చెప్తాను. పద్నాలుగు రోజులు చేశాను, పద్నాలుగు నిమిషాల ఆడియో. మొత్తం 173 మాటలు పోయాయి. "తె" 21. "ప" 34. మిగతా 118 "క". నోట్‌బుక్‌లో చూస్తే పేజీ అంతా కకకక అని కాకులు వాలినట్టుంది. అంటే రెండేళ్ళుగా నేను కొనుక్కున్న వొకాబులరీ పుస్తకాలన్నీ ఆ 21 మాటల కోసం.

ఇంకోటి గమనించాను. మొదటి నాలుగు రోజులూ ఒక నిమిషానికి నలభై నిమిషాలు పట్టింది, ఏడుపు వచ్చింది. తొమ్మిదో రోజు "అనవరనహాఫ్" అని విని, అది "యాన్ అవర్ అండ్ ఎ హాఫ్" అని నాకు నేనే విడగొట్టేశాను, స్క్రిప్టు చూడకుండా. ఒక్కదాన్నే గదిలో చప్పట్లు కొట్టుకున్నా. మా రూమ్మేటు లేచి తిట్టింది, ఆమెకీ నైట్ డ్యూటీయే మరి.

మాస్టారూ, మీరు చెప్పినట్టు పాత పేపర్లు ముందేసుకున్నాను. పది పేపర్లు దొరికాయి. వాటిల్లో సరిగ్గా విని కూడా పోగొట్టుకున్నవి 19. పదకొండు ఎస్‌లు, ఆరు స్పెల్లింగులు, రెండు చోట్ల మాటలెక్కువ. పేపరుకి దాదాపు రెండు. మీ అనుమానం అచ్చంగా నిజం. ఇంతకాలం తప్పు అని ఇంటూ పెట్టుకుని వదిలేశానే గాని, ఎందుకు తప్పో ఒక్కసారి చూడలేదు.

మ్యాప్ మాత్రం ఇంకా లొంగలేదు. మా ఊళ్ళో తూర్పు వీధి, పడమటి చెరువు అంటాం కాబట్టి నార్త్, సౌత్ అంటే టక్కున పెట్టేస్తాను. కుడి, ఎడమ అంటేనే తిరకాసు. దీనికేమైనా ఉందా?


లీడ్స్ సిస్టర్:

118 కాకులా! నాకంటే ఎక్కువే, కానీ త్వరగా తగ్గేవీ అవే. భయపడకు.

మ్యాప్‌కి నేను చేసింది చెప్తా. కుడి ఎడమలు కాగితం చూసేవాళ్ళవి కావు, దారిలో నడిచేవాళ్ళవి. ఎంట్రన్సు దగ్గర నువ్వే నిలబడ్డావనుకో. కంప్యూటర్ మీద రాస్తావు కాబట్టి మౌస్ బాణాన్ని అక్కడ పెట్టి, వాళ్ళు చెప్తున్నకొద్దీ నడిపించు. దారి కిందికి దిగితే నీ కుడి స్క్రీను మీద ఎడమవైపు వస్తుంది. మొదట్లో నేను కుర్చీలో అటు తిరిగి కూర్చునేదాన్ని, నవ్వకు. "ఆపోజిట్", "జస్ట్ బియాండ్", "ఎట్ ద ఫార్ ఎండ్", ఇలాంటి మాటలు ఒక ఇరవై ఉంటాయి, అవి మాత్రం సంధులతో సహా నోటికి రావాలి. వాళ్ళు చెప్పేది ఎప్పుడూ ప్రశ్నల వరుసలోనే వస్తుంది. 14 పోయిందనుకుంటే 15 దగ్గర నిలబడు.

పార్ట్ 4 గురించి ముందుసారి రాయడం మర్చిపోయాను. అక్కడ మధ్యలో విరామం ఉండదు, పది ప్రశ్నలూ ఒకే ఊపున. అందుకే నీకు ఒకటి పోతే మూడు పోతున్నాయి. ఎప్పుడూ రెండు ప్రశ్నల మీద కన్నేసి ఉంచు, ఇప్పటిదీ, తర్వాతదీ. తర్వాతదాని మాట వినపడిందా, ఇప్పటిదాన్ని చచ్చిపోయినదాని కింద లెక్కగట్టి వదిలెయ్యి. కాగితం మీద రాసే పరీక్షలో అయితే జవాబులు ఎక్కించడానికి చివర పది నిమిషాలిస్తారు. కంప్యూటర్‌లో సరిచూసుకోడానికి రెండు నిమిషాలే. ఆ రెండు నిమిషాలూ ఎస్‌లకి పెట్టుకో.


గోదారిగట్టు:

సరే అక్కా. స్లాటు బుక్ చేశాను, వచ్చే నెల రెండో శనివారం. ఫీజు నా చిట్టీ డబ్బుల్లోంచి కట్టాను, ఇంట్లో ఇంకా చెప్పలేదు. ముందు రోజు నైట్ వెయ్యొద్దని మా ఇన్‌ఛార్జి మేడమ్‌ని అడిగాను, చూద్దాం అన్నారు.

ఒక్క చిన్న ప్రశ్న. పోయినసారి పక్క సీట్లో అబ్బాయి కీబోర్డుని సుత్తితో కొట్టినట్టు కొట్టాడు. హెడ్‌ఫోన్ సౌండ్ మధ్యలో పెంచుకోవచ్చా, మొదట పెట్టిందే ఖాయమా?


లీడ్స్ సిస్టర్:

పెంచుకోవచ్చు. మొదలయ్యే ముందు సౌండ్ సరిపోయిందో లేదో చూసుకోమంటారు. తర్వాత కూడా స్క్రీను మీదే సౌండ్ బార్ ఉంటుంది, దాన్ని జరుపుకోవచ్చు. హెడ్‌ఫోన్ బాగోకపోతే మాత్రం మొదలవక ముందే చెయ్యెత్తి చెప్పాలి, మొహమాటపడకు. జుట్టు గట్టిగా ముడేసుకుని వెళ్ళు, క్లిప్పు పెట్టుకుంటే హెడ్‌ఫోన్ కుదురుగా కూర్చోదు.